అమ్మ గొంతుకు తాళం

గొంతు ఆపరేషన్ అయ్యాక అమ్మ పాడటం మానేసింది. మాట కూడా గుసగుసే. ఒకప్పుడు మదనపల్లె చర్చిలో ఆమె పాడిన కీర్తనలు ఇప్పుడొక యాప్‌లో ఉన్నాయి. నెలనెలా డబ్బు కడుతూ వాటిని నా ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకున్నాను. మొన్న రామకుప్పం దగ్గర అక్క వాళ్లింట్లో, సిగ్నల్ లేని చోట, అమ్మ అడిగిందని ఒక పాట నొక్కాను. లైసెన్స్ గడువు తీరిందట, నెట్ ఆన్ చేసి మళ్లీ వెరిఫై చేయించుకోవాలట! నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బు కట్టినవాణ్ని పట్టుకుని దొంగను సోదా చేసినట్టు చేస్తారా?

"పాట ఫోన్‌లోనే ఉండాది గదప్పా, యాల రాదు?" అంది అమ్మ.

"కంపెనీ వాళ్లు ఒప్పుకోవాలంటమ్మా" అన్నాను.

"నా గొంతు నేను ఇనేదానికి ఎవురు ఒప్పుకోవాలప్పా?"