మంచుగదికి పోయే ముందు ఒక్క ఆట

కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, బేరంలో నన్ను ముంచేవాడు లేడు. అలాంటి నేను, పాత సినిమాలు భద్రపరిచే ప్రభుత్వ సంస్థకు కమీషన్ లేకుండా రీళ్లు తెచ్చిపెడతానని ఒప్పుకుని, రైల్లో రాత్రంతా నిలబడి, ఎనభైల్లో ఓ మండువేసవిన ఖరగ్‌పూర్‌లో దిగాను.

ఆ ఊళ్లోని ఖరిదా పేటలో అప్పలనరసమ్మ ఇల్లు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన ఆమె భర్త, ఏటా శివరాత్రి జాగారానికి అక్కడి తెలుగువాళ్లకు ఒక పౌరాణిక చిత్రం ఆడించేవాడు. ఆయన పోయాక రీళ్ల పెట్టె పసుపు కుంకుమలతో దేవుడి గదిలో చేరింది. ఆ సినిమా మరెక్కడా లేదు. ఆ సంగతి మింగేసి, "పులిసిన వాసనొస్తోంది మామ్మా, ఫిల్ము పాడవుతోంది. ఎంతకిస్తావు?" అన్నాను.

"రేటు సరేలే బాబూ. అట్టుకెళ్లి ఏటి సేస్తారు?"

"చల్లటి గదిలో పదిలంగా దాస్తారు."

"ఆడించరా? ఐసులో ఎట్టడానికి అదేటి, గోల్‌బజార్ సేపా?"

ఇక బేరమంతా ఆటల మీదే. ఏడాదికొకటి ఆడించాలన్న మనిషి చివరికి ఒక్క ఆటకు దిగింది: "ఈ సాయంత్రం ఒక్కపాలి మావోళ్లందరం సూసేక అట్టుకుపో." ఆడిస్తే తెగుతుందని భయం. కాదంటే పెట్టె కదలదు. ఒప్పుకున్నాను.

వీధిలో దుప్పటి కట్టారు. ప్రొజెక్టరు ముందు కొబ్బరికాయ కొట్టేదాకా ఒక్కరూ కూర్చోలేదు. ఫిల్ము ఒకచోట తెగింది. అతికించి పూర్తి చేసేసరికి నా రైలు వెళ్లిపోయింది.

ప్రొజెక్టరు అద్దె, కొబ్బరికాయ, కొత్త టిక్కెట్టు నా ఖాతాలోనే. రీళ్లకు ఆమె పైసా తీసుకోలేదు. తెగినచోట ఊడిన జానెడు ముక్క మాత్రం కొంగున ముడేసుకుంది. కొనేవాడు కొసరు ఇవ్వడం మా కొట్లో ఎన్నడూ చూడలేదు.