సముద్రానికి ఆయకట్టు రైతులు

కురుమూర్తిని పిలిస్తే ఏ పంచాయితీ అయినా చెడిపోతుందని గట్టు ఊళ్లో పేరు. అబద్ధమాడడు సరే, అడగని నిజం కూడా చెప్తాడు. కూలీలను దూరపు పనులకు తోలుకుపోయే మేస్త్రీ రాఘవేందర్‌కు ఆ సంగతి తెలియక కాదు. రెండువేల ఎనిమిది జూన్‌లో లారీ నిండడానికి ఒక మనిషి తక్కువయ్యాడు.

"సముద్రంల గ్యాసు టేషన్ కడ్తరంట. మీటింగుల కూసోని చెయ్యెత్తాలె, గంతే. యాటకూర బువ్వ. నాలుగొద్దులల్ల ఇంట్ల ఉంటవ్."

"ఆముదాలెయ్యాలె మేస్త్రీ. తొలకరి పదునారితే నా పెండ్లాం ఈరమ్మ నన్నే సాల్ల ఏసి పూడుస్తది," అన్నాడు కురుమూర్తి. అన్నాడే గానీ, సముద్రం చూడాలన్న ఆశతో లారీ ఎక్కాడు.

తీరం చేరాక అలలను చూసి అదిరిపోలేదు. ఒడ్డు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, వల బాగుచేసుకుంటున్న ఇస్రాయేలును అడిగాడు: "తూము ఏడుందన్నా? దీని కింద ఎంత భూమి పారుతది?"

ఇస్రాయేలు నవ్వి నవ్వి దగ్గాడు. "భూమి పారదు బాబూ. మా పొయ్యిలు వెలుగుతాయి. ఆ స్టేషన్ వస్తే మా పడవల్ని అటు పోనివ్వరు."

షామియానా కింద అధికారి స్థానికుల అభిప్రాయం అడిగాడు. అసలు స్థానికులను పోలీసులు తాడు అవతల నిలబెట్టారు. ఇవతలంతా పాలమూరు కూలీలే. రాఘవేందర్ సైగ చేయగానే అందరూ చేతులెత్తారు. కురుమూర్తి లేచి నిలబడ్డాడు.

"సారూ, మా ఊర్ల తూమెత్తాలన్నా, దించాలన్నా ఆయకట్టోళ్లే చెప్పాలె. మెట్ట చేనోడు నోరు దెరిస్తే ఊకోరు. నాది గట్టు. గీ నీళ్లమీద నాకేం హక్కు? ఆయకట్టోళ్లు గా తాడవతల ఉన్నరు, వాళ్లనడుగుండ్రి."

అవతల ఈలలు. అధికారి మీటింగు వాయిదా వేశాడు. చట్టం చెప్పేదీ స్థానికులనే అడగమని. దాన్ని గుర్తుచేయడానికి ఒక మెట్ట రైతు అంత దూరం లారీలో రావాల్సి వచ్చింది.

"ఇగ నడ్సుకుంట రా బిడ్డా!" అని రాఘవేందర్ లారీ కదిలించాడు.

ఇస్రాయేలు వాళ్లే బస్సెక్కించారు. నాలుగు బస్సులు మారి, ఊరు విడిచిన వారం తర్వాత ఇల్లు చేరేసరికి పదును ఆరింది. కానీ చేనులో సాళ్లు పడి ఉన్నాయి.

"పక్కోళ్ల ఎడ్లు బదులు తెచ్చి నేనే ఏసిన," అంది ఈరమ్మ. "ఏం ఎలగబెట్టొచ్చినవ్?"

అంతా చెప్పాడు.

"ఆయకట్టోళ్లే చెప్పాలె అన్నవా?"

"అన్న."

"గట్లయితే ఏసినోళ్లే చెప్పాలె. ఈ పంట ఇంటికొచ్చేదాంక చేనుకాడ నాదే మాట. మల్ల లారెక్కాలంటే నన్నడుగు."

ఇస్రాయేలు ఇచ్చిన ఎండుచేపల మూటను మాత్రం ఈరమ్మ అడగకుండానే లాక్కుంది.