పసుపు అంటిన ప్లాటర్

మొన్న మండపేటలో కారు అద్దం మీద మనవడి పేరు వేయించడానికి మా అల్లుడు ఒక స్టిక్కర్ల షాపు ముందు ఆగితే, లోపల ఒక చిన్న యంత్రం రంగు కాగితాన్ని ముందుకూ వెనక్కూ లాగుతూ అక్షరాలు కోస్తూ కనిపించింది. ఆ కిర్రుకిర్రు చప్పుడు వినగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మీలో ప్రెస్సుల్లో పనిచేసినవాళ్ళుంటే నా అవస్థ మీకు తెలుస్తుంది.

రాజమండ్రిలో మా మేనమామ ప్రెస్సులో అచ్చయ్యే శుభలేఖల మీద వధూవరుల పేర్లు మా నాన్నే కుంచెతో రాసేవారు. ఆయన ‘శ్రీ’ చుట్టిన తీరు చూసి రామచంద్రపురం దాకా ఆ చేయి ఎవరిదో గుర్తుపట్టేవారు. అక్క పెళ్ళి కుదిరేనాటికి ఆ చేయి వణకడం మొదలైంది. కూతురి శుభలేఖ తానే రాస్తానని ఎప్పటినుంచో అంటూ వచ్చిన మనిషి, రోజూ కుంచె పట్టడం, గీత వంకర పోగానే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం చూడలేకపోయేదాన్ని.

సరిగ్గా అప్పుడే మామయ్య మద్రాసు నుంచి ప్లాటర్ తెప్పించారు. కంప్యూటర్ చెప్పినట్టల్లా పెన్నుతో కాగితం మీద గీసే యంత్రమది. దానికి తెలుగు రాదు కనుక, కంప్యూటర్ కోర్సు చదివిన నేను నాన్న చేయి బాగున్నప్పటి శుభలేఖలు తీసి, ఒక్కో వంపునూ గ్రాఫు కాగితం మీద చుక్కలుగా కొలిచి అందులోకి ఎక్కించాను. అక్క పేరు ఆయన అక్షరాల్లోనే రావాలన్నది నా పంతం.

దాన్ని బిగించిన ఇంజనీరు అటు వెళ్ళగానే మామయ్య కొబ్బరికాయ కొట్టి, పెన్ను జరిగే కడ్డీకి ఆ చివర నుంచి ఈ చివర దాకా తడి పసుపు నిండుగా రాసి కుంకుమ బొట్లు పెట్టారు. కాలితో తొక్కి అచ్చువేసే ట్రెడిల్ మిషన్‌కు అలాగే చేశాం, దీనికి మాత్రం ఎందుకు చేయం? అది ఆరేసరికి నాన్నను ఎదురుగా కూర్చోబెట్టి మీట నొక్కాను. ‘శ్రీ’ మొదలుకుని అక్క పేరు దాకా ప్రతి గీతా వణికింది, అచ్చం నాన్న చేతిలాగే.

ఆయన చాలాసేపు ఆ కాగితాన్ని చూసి, “దీనికి కూడా నా జబ్బే అంటించావేంటమ్మా” అని మెల్లగా అని, కండువా సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చేసింది. తప్పెక్కడుందో తెలియక పెన్ను పట్టుకున్న చట్రాన్ని చేత్తో జరిపి చూస్తే, ఎండిన పసుపు గరగరలాడుతూ అడుగడుగునా అడ్డం పడుతోంది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో కడ్డీ అంతా తుడుస్తుండగానే మామయ్య చెప్పులు కూడా వేసుకోకుండా మా ఇంటికి పరుగెత్తి, “తప్పు నా పసుపుదండి బావగారూ, మీ చేతిది కాదు, రండి” అంటూ నాన్నను వెంటబెట్టుకొచ్చారు.

ఈసారి పెన్ను ఎక్కడా తొణకలేదు. అది కదిలినట్టల్లా నాన్న వేలు మోకాలి మీద కదిలింది, అది లేచిన చోట లేచింది. వేలు వణుకుతూనే ఉంది, గీత మాత్రం వణకలేదు. “ఇదమ్మా నా చేయి” అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. ఆ తర్వాత ఆయన మళ్ళీ కుంచె పట్టలేదు, కానీ పెళ్ళిళ్ళ రోజుల్లో ప్లాటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మానలేదు.

ఆ ప్లాటర్ ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయింది, నాన్న అక్షరాలు దాచిన ఫ్లాపీలు బూజు పట్టి పోయాయి. ఇప్పుడు ఫోనులో వచ్చే శుభలేఖల్లో అక్షరాలు నిజంగానే ముచ్చటగా ఉంటాయి, అవి ఎవరు రాశారని అడగాలని మాత్రం ఎవరికీ తోచదు. నాన్న పోయాక అక్కా నేనూ ఎంత వెతికినా ఆ పెళ్ళి శుభలేఖ ఒక్కటీ దొరకలేదు, అన్నీ పంచేశాం. పాడైందని పక్కన పడేసిన ఆ మొదటి కాగితమే నా పెట్టెలో మిగిలింది. అది యంత్రం గీసిందనీ, ఆ వణుకు పసుపుదేననీ నాకు తెలుసు. అయినా దాన్ని తీసినప్పుడల్లా నాన్న చేయి పట్టుకున్నట్టే ఉంటుంది.