ఊడిపోయిన బెల్లు

దయ్యాలు, భూతాలు అన్న మాట వినపడగానే లేచి వెళ్ళిపోయే రకం నేను. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో మొలక పరీక్షలు చేయడం నా ఉద్యోగం. మొలిస్తే మొలిచిందని రాస్తాను, లేకపోతే లేదని రాస్తాను. జరిగింది కూడా అలాగే చెబుతాను. మీరు నమ్మకపోయినా ఫరవాలేదు, ఇప్పటిదాకా ఎవరూ నమ్మలేదు.

మాకొక సైకిల్ క్లబ్బు ఉంది. పోయిన కార్తీకంలో, వానలు తగ్గాక, ఒక ఆదివారం పొద్దున్నే ఆళ్ళగడ్డకు బయలుదేరాం. హైవే మీద లారీల బాధ పడలేక కాలువగట్టు దారి పట్టాం. క్లబ్బులో రెండు కట్టుబాట్లున్నాయి. టిఫిన్ ఆళ్ళగడ్డ చేరాకే. అక్కడి ఉగ్గాని, బజ్జీ కోసం ఆకలి దాచుకోవాలట. రెండోది, అందరికంటే వెనక వచ్చేవాడి సైకిలుకు క్లబ్బు వారి పెద్ద ఇత్తడి బెల్లు బిగిస్తారు. వాణ్ణి తోక అంటాం. ఎవరికైనా ఇబ్బందైతే తోక ఆపకుండా బెల్లు కొట్టాలి, ముందున్నవాళ్ళు విని వెనక్కి తిరగాలి. గుడిగంటంత మోత దానిది.

ఆ రోజు తోక నేనే. మా బావమరిది రమణ మొదటిసారి వస్తున్నాడు మరి. మా ఆవిడకు వాడొక్కడే తమ్ముడు, పైగా షుగరు. ఆవిడ వద్దంటే వద్దంది. నేను వాడి వెనకే ఉంటానని, ఎలా తీసుకెళ్ళానో అలాగే తెచ్చి అప్పగిస్తానని చెప్పి ఒప్పించాను.

సిరివెళ్ళ దాటాక గట్టంతా గతుకులు. ఒక గుంతలో నా సైకిలు దడేల్మని పడి లేచింది. బెల్లు మీది గిన్నె ఊడి, దొర్లుకుంటూ పోయి కాలువలో పడింది. నీళ్ళు నిండుగా పారుతున్నాయి, ఇంకేం దొరుకుతుంది? నాకు ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా బిగించండయ్యా అని పొద్దున్నే మొత్తుకున్నాను. రమణ వెనక్కి తిరిగి చూసి నవ్వాడు కూడా.

కాసేపటికి వాడి సైకిలు తూలడం మొదలైంది. నేను దగ్గరికి వెళ్ళేసరికి దిగి గట్టు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు, పలకరిస్తే జవాబు లేదు. తర్వాత తెలిసింది, అయ్యగారు పొద్దున షుగరు మాత్ర వేసుకున్నాడు, క్లబ్బు రూలు కదా అని తిండి మానేశాడు. ఆ రూలును అంత నిష్ఠగా పాటించినవాడు వీడొక్కడే.

గ్లూకోజు, అరటిపళ్ళు, చిక్కీలు అన్నీ మా క్లబ్బుకు పెద్ద అయిన చంద్ర సంచిలో ఉన్నాయి. చంద్ర అందరికంటే ముందు పోతున్నాడు. నా దగ్గర మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. ఫోనుకు సిగ్నల్ లేదు. ముందువాళ్ళు మలుపు తిరిగి కనపడకుండా పోయారు. వాళ్ళ వెంట పోదామంటే వీడు కాలువ వైపు జారిపోతున్నాడు. రెండు చేతులతో వాణ్ణి పట్టుకుని కూర్చుని గొంతు చించుకుని అరిచాను. పత్తిచేలల్లో ఎవరూ లేరు. పక్కనే పడి ఉన్న నా సైకిలుకు బెల్లు పట్టీ ఒక్కటే మిగిలింది. దాన్ని చూస్తుంటే ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మా ఆవిడకు నా ముఖం ఎలా చూపించను అన్నదే ఆలోచన.

రమణ కళ్ళు మూసుకునే, చాలు బావా, ఆపు, అని గొణిగాడు. ఏం ఆపాలో నాకు అర్థం కాలేదు. పలవరిస్తున్నాడనుకున్నాను.

ఎంతసేపైందో చెప్పలేను, మలుపులో చంద్ర కనిపించాడు. వెనకే మిగతావాళ్ళు, రొప్పుకుంటూ తొక్కుతున్నారు. గ్లూకోజు నీళ్ళు తాగించాక రమణ మెల్లగా మనిషయ్యాడు.

"మంచి పని చేసినావన్నా. ఆపకుండా కొడితివి కాబట్టి సరిపోయె. లేకుంటే మాకెట్ల తెలుస్తాది?" అన్నాడు చంద్ర.

నేను కొట్టలేదన్నాను. కొట్టడానికి బెల్లే లేదని సైకిలు చూపించాను.

"అట్ల బాదితే ఊడిపోదా మరి?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. అదే బెల్లు, అదే మోత, వెనకనుంచి వచ్చింది అని అందరిదీ ఒకే మాట. ఏదైనా గుడిలో గంటేమో అని తర్వాత నేనొక్కణ్ణే వెళ్ళి చూశాను. ఆ చుట్టుపక్కల గుడి లేదు, బడి లేదు. కాలువకు నీళ్ళు ఆపేశాక దిగి బురదంతా కెలికాను. గిన్నె దొరకలేదు.

ఇంట్లో ఇంకా ఘోరం. బెల్లు కొట్టి తమ్ముణ్ణి బతికించానని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పింది. కాదు మొర్రో అంటే, ఈయన గొప్పలు చెప్పుకోడు అని ఇంకా మురిసిపోతుంది. చేయని పనికి మెచ్చుకోళ్ళు మోయడమంత విసుగు ఇంకోటి లేదు. రమణను సాక్ష్యానికి తీసుకెళ్ళాను. బెల్లు ముందే ఊడిందని వాడు క్లబ్బులో చెప్పాడు. కళ్ళు తిరిగి పడినోడి మాట పట్టుకోనొస్తివేందప్పా అని కొట్టిపారేశారు.

మొన్న రమణ మా ఇంటికి వచ్చాడు. మిద్దె మీద ఇద్దరమే ఉన్నప్పుడు వాడే ఆ మాట ఎత్తాడు.

"నువ్వు కొట్టల్యా బావా, నాకు తెలుసు. నీ రెండు చేతులూ నన్నే పట్టుకోనుండె. కానీ మన పక్కనే మోగింది. చెవులు పగిలిపోతాయేమో అన్నట్ల మోగింది. నిజంగా నీకు ఇనపడల్యా?"

వినపడలేదు. ఆ గట్టు మీద నేను విన్నది కాలువ చప్పుడూ, నా అరుపులూ, అంతే. ఇలాంటి అనుభవాలు చెప్పేవాళ్ళు తమకొక్కరికే ఏదో వినపడిందంటారు. అందరికీ వినపడినది, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నాకొక్కడికే ఎందుకు వినపడలేదో ఇప్పటికీ నేను చెప్పలేను.

క్లబ్బువాళ్ళు కొత్త బెల్లు కొన్నారు. అడక్కుండానే తోక పని నాకే అప్పగించారు. ప్రతి ఆదివారం బయలుదేరేముందు దాన్ని ఒకటికి రెండుసార్లు కొట్టి చూసుకుంటాను, నాకు వినపడుతోందో లేదోనని.