మా సారు కోసిన ఒక్క మార్కు

మా లెక్కల సారు పోయారు. మంగళవారం పొద్దున బోధన్‌లో తన ఇంటి గడపలో కూర్చుని, బడికి వెళ్లడానికి చెప్పులు తొడుక్కుంటూ ఒరిగిపోయారట. ఫోన్ చేసి ఈ మాట చెప్పిన నా బడి స్నేహితురాలు వెంటనే అడిగింది: "వస్తవా మరి? ఇంకా కోపమున్నదా?"

వెళ్లాను. కోపం ఉంది, ఆయన మీద కాదు. ఆయన శవం ముందు నిలబడి మా పాత హెడ్మాస్టరు నావైపు చూపిస్తూ అన్న మాట మీద. "మంచోడే గాని మొండి. ఒక్క మార్కు కాడ గీ పిల్ల బతుకు ఆగం జేసిండు." చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అన్నారు. ఆ అయ్యో నాకు అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేం పదో తరగతి చదివేటప్పుడు ప్రతి సబ్జెక్టుకూ పరీక్షకు ఎనభై మార్కులు, బడిలో పంతుళ్లు వేసేవి ఇరవై. ప్రాజెక్టు, నోటుబుక్కు, చిన్న పరీక్షలు చూసి ఆ ఇరవై వేయాలి. మా ఊళ్లో డబ్బు కట్టి చదివే బడుల్లో అందరికీ ఇరవైకి ఇరవై. మా సారు మాత్రం ఒక్కో నోటుబుక్కు ముందేసుకుని, చాయ్ సాసర్‌లో చల్లారి మీగడ కట్టేదాకా చదివేవారు. నిజామాబాద్‌లో పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీకి వెళ్లొచ్చాక ఓసారి మాతో అన్నారు: "రాసినోడెవడో నాకు తెల్వదు, దిద్దినోడెవడో ఆనికి తెల్వదు. గందుకే ఇంకింత మర్యాదగ జూడాలె."

పరీక్షలకు ముందు, బడుల్లో వేసిన ఆ ఇరవై సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి బయటి మండలం నుంచి ముగ్గురు పంతుళ్లు వచ్చారు. నోటుబుక్కులు స్టాఫ్‌రూంలోకి మోసుకెళ్లింది నేనే. గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను.

వాళ్లలో పెద్దాయన మార్కుల కాగితం ఒక్కటే చూసి, "సర్కారు బడి పిల్లలకు గిన్ని గిన్ని వేస్తే ఎట్ల సార్? రేపు పరీక్షల గన్ని రావాయె. అందరికి తలా రెండు తీసేద్దాం, సమానమైతది" అన్నాడు.

"నోటుబుక్కులు తీయుండ్రి" అన్నారు మా సారు.

"ఇంకా నాలుగు బడులు తిరగాలె మేము."

"తిరుగుండ్రి. గివి చూసినంక."

"రెండు మార్కులే గద సార్, పోనియ్యరాదు" అన్నాడు హెడ్మాస్టరు.

"పేదోళ్లని ఎక్కువ ఇయ్యమంటలేను. పేదోళ్లని చూడకుండ కొయ్యద్దంటున్న." సారు కుర్చీ లాగి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నారు.

పేదోళ్ల హక్కుల గురించి బస్టాండులో పంచిన కరపత్రాలన్నీ అప్పటికే నా పెట్టెలో ఉన్నాయి. వాటిలోని ఏ మాటా ఆ కుర్చీ అంత గట్టిగా నాకు తగల్లేదు.

ముగ్గురూ విసుక్కుంటూనే మొదలుపెట్టారు. నలభై రెండు నోటుబుక్కులు. మధ్యాహ్నానికి విసుగు పోయింది. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఏ ఊరి నుంచి ఎంత దూరం చెరుకు బండ్లు వచ్చేవో మా తరగతివాడొకడు గీసిన పటం చూసి, "ఇది మా ఊరు" అన్నాడు వాళ్లలో ఒకాయన. అప్పటిదాకా ఎవరి మార్కూ తగ్గలేదు.

చివరికి నాది. మా అమ్మ చుట్టిన బీడీల్లో కార్ఖానా మనిషి రోజుకెన్ని పనికిరావని పక్కన పడేస్తాడో వారం పాటు రాసుకుని, సగటు తీశాను. పెద్దాయన వేలు పెట్టి చూపించాడు. "వారంల ఒక దినం కార్ఖానా బందున్నదని ఈమెనే రాసింది. ఆరుతోని భాగించాలె. ఏడుతోని భాగించింది."

మా సారు అద్దాలు పైకి జరుపుకుని చూశారు. "అవు. నేను చూడలే." తను వేసిన పద్దెనిమిది కొట్టేసి పదిహేడు రాసి, పక్కన సంతకం పెట్టారు.

"ఉండనియ్యుండ్రి సార్, ఒక్కటే గద" అన్నాడు పెద్దాయనే.

"పొద్దటిసంది చూడుండ్రి చూడుండ్రని మీ పానం తీస్తి. చూసినంక ఉండనియ్యమంటే ఎట్ల?"

పరీక్షలో నాకు డెబ్భై మూడు వచ్చాయి. పదిహేడు కలిపితే తొంభై. పై గ్రేడుకు తొంభై ఒకటి కావాలి. మిగతా అన్నిటిలో ఆ గ్రేడే ఉన్నా, దీంతో పదికి పది పాయింట్లు పోయాయి, నేను కలలుగన్న హాస్టలు సీటూ పోయింది. ఏడాది పాటు ఆయన ఎదురైతే మొహం తిప్పుకున్నాను. ఒకనాడు చాటలో తంబాకు కలుపుతూ అమ్మ అంది: "గాయిన చూసి కోసిండు కదనే. నా బీడీలు ఎవడు చూసి పారేస్తుండు?"

మర్నాడే సారు ఇంటికి వెళ్లాను. ఆయన క్షమాపణ చెప్పారు, మార్కు కోసినందుకు కాదు. "ముందుగాల పద్దెనిమిది వేసుడే నా తప్పు బిడ్డా. పనిల మెత్తబడ్డ. నేనే సక్కగ జూస్తే నీకు గంత ఆశ వుట్టకపోవు."

హెడ్మాస్టరు గారూ, నా బతుకు ఆగం కాలేదు. ఆ పొద్దు తలా రెండు పోనిమ్మన్నది మీరు. నలభై ఒక్క మందికి వాళ్ల మార్కులు వాళ్లకు దక్కాయంటే, నాకు నా తప్పు దక్కిందంటే, ఆ మొండితనం వల్లే. పదిహేడే నా మార్కు. ఎవరు జాలిపడి పద్దెనిమిది చేస్తానన్నా ఒప్పుకోను.

సారు దినాలు కాకముందే, మా వాడ పిల్లలకు నేను చెప్పే ట్యూషన్ మళ్లీ పెట్టాను. ఏడో తరగతి పిల్ల నోటుబుక్కు దిద్ది, ఐదుకు మూడు వేసి ఇచ్చాను. అది తీసుకుని వెళ్లలేదు. లెక్క మీద వేలు పెట్టి, నా కళ్లలోకి చూస్తూ అడిగింది.

"అక్కా, గీ రెండు ఏడ కోసినవ్? చూపెట్టు."

చాప మీద పక్కకు జరిగి దానికి చోటిచ్చాను.