పూలదారంతో కట్టిన కంప్యూటర్లు

మా తోడికోడలు పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారంలోనే, పొద్దున కాఫీ వేళకు పోయింది. మా ఆయన మెట్లెక్కి వచ్చి, "వదిన పోయింది" అని చెప్పి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. నేను మడుస్తున్న దుప్పటి అక్కడే వదిలేసి కిందికి దిగాను. మర్నాడు పేపర్లో ఆమె ఫోటోతో ప్రకటన వచ్చింది. ఫోటో కింద "తిరుపతిలో గేమింగ్ కంప్యూటర్ల తయారీకి ఆద్యులైన ఫలానా వారి సతీమణి" అని వేశారు. ఆ ఫలానా వారు మా బావగారు, అంటే మా ఆయనకు అన్న. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ కంప్యూటర్లు ఆయన తయారు చేయలేదు. అక్క చేసింది. తోడికోడలే అయినా నేను ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. ఇల్లు ఒక్కటే. కింద వీధి వైపు షాపు, దాని వెనక వాళ్ళ కాపురం, పైన మేము. వంటిల్లు మాత్రం అందరికీ కిందే. కాబట్టి నేను విన్న కబుర్లు చెప్పడం లేదు, పప్పు తిరగమోత వేస్తూ కళ్ళారా చూసింది చెబుతున్నాను.

ఆ షాపు మొదట ఎస్టీడీ బూత్. ఇంటింటికీ ఫోన్లు వచ్చేసరికి బూత్ మూగబోయింది. అప్పుడు బావగారికి కంప్యూటర్ల వ్యాపారం మీద మనసు పడింది. ఆటలాడే కంప్యూటర్ అప్పట్లో మా ఊళ్ళో రెడీగా దొరికేది కాదు. బోర్డు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, అన్నీ విడివిడిగా తెచ్చి ఒక డబ్బాలో బిగించాలి. తెర మీద బొమ్మ తడబడకుండా పరిగెత్తాలంటే గ్రాఫిక్స్ కార్డే ప్రాణం. బావగారు సామాను తెప్పించాడు గానీ, బిగిస్తానన్న మనిషి రేపు, మాపు అంటూ రానేలేదు. అట్టపెట్టెలు మంచం కింద చేరాయి. ఒక మధ్యాహ్నం అక్క వాటిని బయటికి లాగి, బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలు చూసుకుంటూ ఒక్కొక్కటీ బిగించింది. సాయంత్రానికి తెర వెలిగింది. బావగారు బయటి నుంచి వచ్చి చూసి, "ఎవురు బిగించినారు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. "సర్లే, ఎవురితోనూ అనబాకు" అన్నాడు. మొదటిరోజే అన్న మాట అది.

అక్క పుట్టిల్లు నగరి. మగ్గాల ఇల్లు. అరవం నీళ్ళలా మాట్లాడేది. అందుకే మద్రాసుకు వెళ్ళి కార్డులు తెచ్చే పని కూడా ఆమెకే పడింది. అక్కడి అంగళ్ళలో బావగారు నోరు విప్పితే చాలు, ధర పెంచేవాళ్ళు. అక్క మాత్రం ఒక్కో కార్డునూ వెలుతురులోకి తిప్పి, ఫ్యాను వేలితో తిప్పి చూసి, పెట్టె సీలు తెరిచి మళ్ళీ అంటించారేమో గోటితో గీకి చూసి, అప్పుడు బేరం మొదలుపెట్టేది. ఒకసారి నన్ను తోడు తీసుకెళ్ళింది. తిరుగు రైల్లో కార్డు పెట్టెను తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. నగరి స్టేషన్లో ఎక్కిన ఒకామె, "పసిబిడ్డా?" అని జరిగి చోటిచ్చింది. అక్క నవ్వుతూ, "అవునక్కా, ఇంగా పేరు పెట్టలేదు" అన్నది. రేణిగుంట వచ్చేదాకా ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం.

లోపలి సామాను ముట్టుకునే ముందు చేతికి ఏమీ ఉండకూడదని ఆమె పట్టు. గాజు తగిలితే బోర్డు గీరుకుపోతుందని భయం. గాజులు తీసి పక్కన పెడితే మా అత్తమ్మ చూడనే చూసింది. "మొగుడు గుండ్రాయి మాదిరి ఉంటే గాజులు తీసేది ఏందమ్మే?" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. మర్నాటి నుంచి అక్క గాజులన్నీ మోచేతి దాకా తోసి చేతిరుమాలుతో బిగించి కట్టుకునేది. పని అయ్యేసరికి మోచేయి కింద గాజుల అచ్చులు ఎర్రగా పడేవి. వాటిని రుద్దుకుంటూనే వచ్చి అన్నానికి కూర్చునేది.

షాపులో బేరం జరిగే తీరు ఒక నాటకం. ముందు గదిలో గిరాకీ, వెనక గదిలో అక్క, మధ్య బావగారు. ఎవరో వచ్చి, "మెమరీ ఎక్కువుండే కార్డు ఏదుంటే అది ఎయ్యన్నా" అనేవాడు. బావగారు కాఫీ చెప్పి వస్తానని లోపలికి వచ్చి ఆ మాట అప్పజెప్పేవాడు. అక్క తలెత్తకుండానే, "సంచి పెద్దదైతే సాలునా, లోపల బియ్యం సూసుకోవాల గదా. ఆయప్ప ఏం ఆటలు ఆడతాడో అడుగు. ఆయప్పింట్లో కరెంటు ఎట్టుంటాదో అడుగు. కార్డు పెద్దదేసి దానికి కరెంటిచ్చే డబ్బా చిన్నదేస్తే ఎండాకాలం రాంగానే కాలిపోతాది" అనేది. బావగారు బయటికి వెళ్ళి అదే మాట, అదే బియ్యం సంచి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు. "మీరు దేవుడు సామీ" అని గిరాకీ దండం పెట్టేవాడు. అక్క వెనక గదిలో ఆ మాట వినేది. మొదట్లో నా వైపు చూసి కన్ను కొట్టేది. తర్వాత తర్వాత కొట్టడం మానేసింది.

ఆమెకు ఆటలంటే ఇష్టం. బిగించిన ప్రతి కంప్యూటర్ మీదా మధ్యాహ్నం భోజనాలయ్యాక కార్ల పందెం ఆడేది. మలుపు వచ్చినప్పుడు కుర్చీలోనే ఒరిగిపోయేది. "ఆడి సూడకుండా కార్డు మంచిదా కాదా అని ఎట్ల చెప్తావు మే? ఉప్పు సూడకుండా కూర వడ్డిస్తావా?" అనేది నాతో. అత్తమ్మ గొణిగేది. అక్క ఆ గొణుగుడు వినపడకుండా స్పీకర్ శబ్దం పెంచేది. అణిగిమణిగి ఉండే మనిషి కాదామె. ఇప్పుడు అందరూ శాంతమూర్తి అంటున్నారు, నాకు నవ్వొస్తోంది.

ఇంక దారం సంగతి చెప్పాలి. డబ్బాలో తీగలు చెదిరి ఉంటే గాలి ఆడదు, కార్డు వేడెక్కుతుంది. అందరూ ప్లాస్టిక్ పట్టీలతో బిగిస్తారు. అవి విప్పాలంటే కోయాల్సిందే. తీగల దగ్గరికి బ్లేడు రావడం అక్కకు బొత్తిగా ఇష్టం లేదు. జారితే తీగ తెగుతుందనేది. అందుకని పూలు కట్టే తెల్లదారం నాలుగు పేటలు పేని, మల్లెపూలు కట్టినట్టే తీగలను వరసగా ముడులు వేసి కట్టేది. చూడ్డానికి గట్టిగా ఉంటుంది. కానీ అసలు కొస పట్టుకుని లాగితే ముడులన్నీ ఒకదాని వెనక ఒకటి ఊడివస్తాయి. వేరే కొస లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఏ కొసో నాకు చూపించింది. అక్కడే ఉన్న బావగారికీ చూపించబోయింది గానీ, "అదంతా నాకెందుకే, నువ్వుండావు గదా" అన్నాడు.

షాపుకు పేరొచ్చింది. పాకాల నుంచి, చిత్తూరు నుంచి కూడా రావడం మొదలైంది. పాత ఎస్టీడీ బోర్డు తీసి కొత్తది రాయిస్తున్నప్పుడు అక్క అడిగింది. అన్నం వడ్డిస్తున్న నేను అక్కడే ఉన్నాను.

"బోర్డు మీద నా పేరు కూడా రాయించు."

"నీ పేరెందుకు?"

"చేసేది నేను గదా, అందుకు."

బావగారు పెద్దగా నవ్వాడు. "ఆడమనిషి పేరు రాస్తే కంప్యూటర్ అంగడి అనుకుంటారా ఎవురైనా? బ్యూటీ పార్లర్ అనుకోని పోతారు" అన్నాడు. మా ఆయనా నవ్వాడు. అక్క కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుంది. కొత్త బోర్డు మీద బావగారి పేరు ఎర్ర అక్షరాలతో, దాని కింద "గేమింగ్ స్పెషలిస్ట్" అని వచ్చింది.

ఆ ఏడాదే ఆయుధపూజ నాడు ఒక సంగతి జరిగింది. ఊళ్ళో ఒక లాడ్జి యజమాని తన కొడుకు కోసం కంప్యూటర్ చేయమన్నాడు. షాపులో అంతవరకూ ఎవరూ వేయించుకోనంత మంచి కార్డు. అక్క మద్రాసులో రెండు అంగళ్ళ వాళ్ళతో పోట్లాడి తెచ్చింది. పని పూర్తయింది. కార్డు అందరికీ కనిపించాలని బావగారు డబ్బా పక్కరేకు తీసేసి, దాన్ని పూజలో నడిమధ్యన పెట్టాడు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. "రేకు మూసి పెట్టు, లేదంటే టెంకాయ బయట కొట్టు" అని అక్క చెప్పింది. ఆయన వినలేదు. స్పెషలిస్ట్ కదా. డబ్బా ముందే రాయి పెట్టి టెంకాయ కొట్టాడు. నీళ్ళు ఎగిరి లోపల పడ్డాయి. ఎవరూ గమనించేలోపే హారతి ఇచ్చి, శుభం అంటూ స్విచ్ వేశాడు. చిటుక్కుమంది. కర్పూరం వాసనలో కాలిన వాసన కలిసింది.

సాయంత్రం లాడ్జి యజమాని కంప్యూటర్ తీసుకెళ్ళడానికి వచ్చాడు. బావగారి ముఖం పాలిపోయింది. ఆయన నోటి నుంచి వచ్చిన మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "ఏం చెప్పేది సార్, నేను లేనప్పుడు మా ఆడోళ్ళు చెయ్యి పెట్టినారు" అన్నాడు.

అక్క అప్పుడే ప్రసాదం పళ్ళెంతో అక్కడికి వచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టింది. "అవును సార్, నేనే చెయ్యి పెట్టినా. దీంట్లోనే కాదు, ఈ అంగట్లో అమ్మినవాటన్నిట్లో నేనే పెట్టినా. కాల్చింది మాత్రం ఆయన కొట్టిన టెంకాయ" అన్నది. ఆ పెద్దమనిషి ఆమెను చూసి జాలిగా నవ్వాడు. "పోనీలేమ్మా, కోపం తెచ్చుకోబాక. ఇంక మీదట ముట్టుకోకుండా ఉంటే సరి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ షాపులో అక్క చెయ్యి ఉందని ఒక్కసారే బయటపడింది, అదీ తప్పు మోయడానికి.

మళ్ళీ మద్రాసు రైలెక్కి కొత్త కార్డు తెచ్చిందీ ఆమే, బిగించిందీ ఆమే. ఆ వారమే ముందు గదికీ వెనక గదికీ మధ్య బావగారు ఒక పూల కర్టెన్ వేలాడదీశాడు. వచ్చినవాళ్ళు చూస్తే బాగుండదట. ఆరోజు నేను పట్టలేక అడిగాను. "నువ్వెందుకు చేస్తావక్కా? మానెయ్, వాళ్ళకే తెలిసొస్తాది" అన్నాను. ఆమె స్క్రూడ్రైవర్ తుడుస్తూ, "మానేస్తే నాకేం మిగులుతాది మే? ఈ పనే గదా నాదనేది" అన్నది.

తర్వాత ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, గిరాకీ తగ్గింది, అక్కకు జబ్బు వచ్చింది. మంచంలో ఉన్నప్పుడు ఒకసారి, నీ గురించి పత్రికకు రాస్తానక్కా అన్నాను. ఆమె నీరసంలో కూడా కస్సుమన్నది. "రాసుకో. పేరు మాత్రం ఎయ్యబాక. బోర్డు మీద లేని పేరు సచ్చినాక పేపర్లో ఎందుకు?" అంది. పేపరు ప్రకటనలో వాళ్ళు ఎలాగూ వేశారు. నేను మాత్రం ఆమె మాట ప్రకారం వేయడం లేదు.

పెద్దదినం నాడు, కర్మ భోజనాలయ్యాక, వ్యాపారుల సంఘం పెద్ద ఒకాయన మైకు పట్టుకుని మాట్లాడాడు. "ఆ తల్లి వేళకింత వండి పెట్టబట్టే మన అన్న అంతటి పని చేయగలిగినాడు" అన్నాడు. బావగారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను లేచాను. "వండింది నేను సార్. ఆమె లోపల కంప్యూటర్లు బిగిస్తా ఉండింది" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. బంధువులామె ఒకరు నా భుజం పట్టి కూర్చోబెట్టి, "పాపం, దుఃఖంలో ఏందో మాట్లాడతా ఉండాది" అని పక్కవాళ్ళకు చెప్పింది. మైకు ఇంకొకరి చేతికి వెళ్ళింది.

మొన్న పాకాల నుంచి ఒకాయన పాత కంప్యూటర్‌ను ఆటోలో తెచ్చాడు. కార్డు పోయిందట, మార్చాలట. నేను మేడమెట్ల మీద నుంచి చూస్తున్నాను. కర్టెన్ ఇంకా అక్కడే ఉంది గానీ, దాని వెనక ఎవరూ లేరు. బావగారు బల్ల ముందు కూర్చుని డబ్బా తెరిచాడు. లోపల దుమ్ము, దుమ్ము కింద వరసగా అక్క వేసిన ముడులు. కార్డు బయటికి రావాలంటే అవి విప్పాలి. ఆయన ఒక కొస పట్టుకుని లాగాడు, బిగుసుకుంది. ఇంకోచోట లాగాడు, ఇంకా బిగుసుకుంది. నుదుట చెమట పట్టింది.

పాకాల ఆయన వంగి చూస్తూ, "ఏందన్నా, నువ్వు కట్టిందే గదా?" అన్నాడు.

బావగారు తలెత్తాడు. మెట్ల మీద నేను కనిపించాను. ఏ కొస లాగాలో నాకు తెలుసని ఆయనకు తెలుసు. మీ అక్క ముడి ఎట్ల విప్పాల అని ఒక్క మాట, ఆ మనిషి ముందు అడిగి ఉంటే దిగివచ్చి విప్పేదాన్ని.

ఆయన చూపు తిప్పుకుని, సొరుగు లాగి బ్లేడు తీశాడు. నేను మెట్ల మీదే నిలబడ్డాను. పూలదారం ముక్కలు ఒక్కొక్కటే ఆయన కాళ్ళ దగ్గర పడుతున్నాయి.