చివరి చెలిమె

నా చిన్నప్పుడు మా ఊళ్లో తాగే నీళ్లకు రెండు దారులుండేవి. ఊరివాళ్లకు బావి, మా వాడకు మానేరు. సిరిసిల్లకు దిగువన, ఏటి ఒడ్డునే ఉండేది మా ఊరు. ఆ బావిలో మేము చేద వెయ్యరాదు. ఏట్లోకి వెళ్తే అడ్డం చెప్పేవాళ్లు లేరు కానీ, అందులో నీళ్లుండాలి కదా! వానాకాలం ఎర్రగా పారి, ఎండలు ముదిరేసరికి కనుచూపు మేర ఇసుకే మిగిలేది. పైన ఆనకట్ట కట్టకముందు వేసవిలో కూడా సన్నటి పాయ పారేదని మా అమ్మమ్మ చెప్పేది. నేను పుట్టేనాటికి ఆ పాయ లేదు.

ఇసుకలో మోకాలి లోతు గుంత తోడితే నీళ్లు ఊరేవి. దాన్నే చెలిమె అంటాం. రోహిణి కార్తె వచ్చేసరికి అవీ ఎండిపోయేవి. అప్పుడు అమ్మమ్మ, మరో ఇద్దరు ముసలమ్మలు కలిసి వెళ్లి ఎక్కడినుంచో కుండలు నింపుకొచ్చేవారు. ఆ చివరి చెలిమె ఎక్కడుందో వాళ్ల ముగ్గురికే తెలుసు. భూములూ తోటలూ ఉన్న పటేలుకు తెలిస్తే అది కూడా మాకు దక్కదని భయం. వానలు పడేదాకా వాడంతా దాని మీదే బతికేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం రేగి బడులు మూతపడ్డాయి. నేనప్పుడు ఐదో తరగతి. జగిత్యాల నుంచి వచ్చిన మా సారు పటేలు ఇంట్లో కిరాయికి ఉండేవాడు. బడి లేకపోయినా మమ్మల్ని ఏట్లోకి తీసుకెళ్లి, ఇసుక మీద వేలితో పటాలు గీసి పాఠం చెప్పేవాడు. మానేరు పడమట పుట్టి గోదావరిలో కలిసేదాకా ఒక్కో వంపూ చూపించేవాడు. మా పుస్తకంలో ఎక్కడెక్కడి నదులో ఉన్నాయి, మా ఏరు మాత్రం లేదు. "మన ఏరు మన పుస్తకంల ఎందుకు లేదురా? మనమే గీద్దాం" అన్నాడు ఓ రోజు. ఊరేగింపులో మా నీళ్లు మాకే కావాలని అందరికంటే గట్టిగా అరిచిన మనిషి. మా వాడకొచ్చి, మా కుండలో నీళ్లు అడిగి తాగిన మొదటి సారు. ఆయన కోసం ఏం చెయ్యమన్నా చేసేదాన్ని.

మాకు తెలిసిన చెలిమెలన్నీ కాగితం మీదికి ఎక్కించాం. ఇంకేమైనా ఉన్నాయా అని సారు అడిగాడు. ఆ సాయంత్రం నుంచి నేను అమ్మమ్మ కొంగు పట్టుకుని తిరిగాను. రెండు పూటలు జొన్న గటక ముట్టకుండా అలిగాను. చివరికి ఆమె నన్ను ఏటి మలుపు దగ్గరికి తీసుకెళ్లి, తుంగ మొలిచిన ఓ నల్లబండ పక్కన చోటు చూపించింది. "దీని కింద నీళ్లు ఆగి ఉంటయి. ఎవ్వలకు చెప్పకు బిడ్డా" అంది. నేను ఒట్టు వేశాను.

మరునాడే సారుకు చెప్పేశాను. ఆయన పటంలో అక్కడ చుక్క పెట్టి, పక్కన నా పేరు రాశాడు. నేను గంతులేస్తూ ఇంటికొచ్చాను.

వారం తిరక్కుండా పటేలు ఎడ్లబండి మీద ఆయిలింజను వచ్చి సరిగ్గా ఆ బండ దగ్గరే దిగింది. మామిడితోట ఎండిపోతోందట. సారు చేతిలో మా పటం పట్టుకుని కూలీలకు చోటు చూపిస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. వాడ నోట్లో నేనే మట్టి కొట్టానని ఏడుస్తూ పరుగెత్తి, అమ్మమ్మకు జరిగిందంతా చెప్పాను.

ఆమె తిట్టలేదు. జొన్నలు చెరుగుతూ, "తవ్వనీ తియ్యి" అంది. కూలీలు రెండు నిలువుల లోతు తవ్వారు. ఎండిన ఇసుక, దాని కింద బండ, అంతే. మూడో రోజు ఇంజను వచ్చిన దారినే పోయింది. వాడలో ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"నాకే అబద్ధం చెప్పినవా?" అని అడిగాను.

"సారంటే నీకు పానం గదా. పోయి చెప్తవని నాకెరికే. అసలుది చూపిస్తే ఇయ్యాల వాడ ఏం తాగుతది?" అంది. గొంతులో కోపమే లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

బడి తెరిచాక సారు మళ్లీ పుస్తకంలోని నదుల పాఠమే చెప్పాడు. మానేరు ఊసెత్తలేదు. ఆయన మీద కోపం పెద్దయ్యాక ఎప్పుడో చల్లారింది. నమ్మించి మోసం చేసేవాళ్లను తర్వాత చాలామందిని చూశాను. అమ్మమ్మ సంగతే వేరు. ఆమె ఆ తర్వాత ఆరు ఎండాకాలాలు బతికింది. ప్రతి ఏడూ నన్ను పిలుస్తుందేమోనని నోరు విప్పకుండా ఎదురుచూశాను. పోయే ముందు ఆ అసలు చోటు చూపించింది, నాకంటే మూడేళ్లు చిన్నదైన మా చెల్లెకు. ఇప్పుడు దాని మీద రిజర్వాయరు నీళ్లు నిలిచి ఉన్నాయి. అయినా చెల్లె నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పటికీ ఎవరైనా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, నీకొక్కదానికే చెప్తున్నా అంటే చెయ్యి అడ్డం పెడతాను. నాకు చెప్పకు అంటాను. మా కోడలు దాన్ని పొగరనుకుంటుంది. అనుకోనీ.